ఇది మందా, ఆహారమా? ముందు ఆ ముక్క రాసివ్వండి సార్

మందుల నియంత్రణ, ఆహార భద్రత, ఆయుష్, కస్టమ్స్ శాఖల అధికారులకు, ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఎంపీలకు, ఎమ్మెల్యేలకు,

నమస్కారం. నల్లగొండలో నాది చిన్న షాపు. 20సి లైసెన్సు మీద హోమియో మందులు, దాంతోపాటు ఆయుర్వేదం చూర్ణాలు, తైలాలు అమ్ముతాను. విదేశాల నుంచి వచ్చే మూలికల గోలీలు, చేపనూనె క్యాప్సూల్స్, కీళ్లనొప్పుల పొడులు మా కౌంటర్ దగ్గర అడగని రోజు లేదు. వాటిని చట్టప్రకారం తెప్పించి అమ్మాలంటే ఏం చేయాలని నేనూ, దేవరకొండ, మిర్యాలగూడ, జడ్చర్లలో నాలాంటి షాపులవాళ్లు కొందరూ కలిసి రాసి అడిగాం. ఒక ఆఫీసులో, ఇది మా పరిధిలోకి రాదు, ఫుడ్ వాళ్లని అడగండి అన్నారు. ఫుడ్ వాళ్లేమో, క్యాప్సూల్ కదా, డ్రగ్స్ వాళ్ల దగ్గరికి పోండి అన్నారు. మూడోచోట అర్జీ తీసుకుని రసీదు ఇచ్చారు, కొన్నాళ్లకు 'మీ అర్జీ పరిష్కరించబడింది' అని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో మాకైతే అర్థం కాలేదు. అందుకే ఇప్పుడు అందరికీ కనపడేట్టు రాస్తున్నాం. ఏ ఆఫీసు, ఏ అధికారి అని పేర్లు పెట్టడం లేదు, మాకు కావాల్సింది జవాబు మాత్రమే.

ముందు రూల్స్ సంగతి చూద్దాం, ఎందుకంటే 'అన్నీ రూల్స్‌లో ఉన్నాయి చూసుకోండి' అని మాకు చెప్పినవాళ్లూ ఉన్నారు. చూసుకున్నాం.

ఇంగ్లీషు మందు దిగుమతికి దారి తెలిసిందే. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, దాని కింద 1945 నిబంధనలు. ఢిల్లీలోని కేంద్ర ఔషధ సంస్థ దగ్గర ఫారం 41లో రిజిస్ట్రేషన్, ఫారం 10లో దిగుమతి లైసెన్సు. దరఖాస్తు విదేశీ తయారీదారు పెట్టాలి, లేదంటే అతను అధికారపత్రం రాసిచ్చిన ఇక్కడి లైసెన్సుదారు పెట్టాలి. ఫీజు లెక్క డాలర్లలో ఉంటుంది. సరుకు ఇక్కడ దిగే రోజుకు దాని గడువులో కనీసం 60 శాతం మిగిలి ఉండాలి. విమానంలో మందులు దించుకోవడానికి నోటిఫై చేసిన చోట్లలో హైదరాబాద్ కూడా ఉంది. మాలాంటి చిన్న షాపుకు ఇది అందే దారి కాదు, అది వేరే మాట, కానీ దారంటూ ఉంది.

ఆయుర్వేదం, సిద్ధ, యునానీ దగ్గరికి వచ్చేసరికి ఆ దారి కనపడదు. అదే చట్టంలో వీటికోసం పెట్టిన 4ఎ అధ్యాయం తయారీ గురించి, అమ్మకం గురించి చెప్తుంది, తయారీకి లైసెన్సు కావాలంటుంది, అమ్మడానికి లైసెన్సే అక్కర్లేదు, దిగుమతికైతే ఆ అధ్యాయంలో ఒక్క ఫారం కూడా లేదు. పైగా ఆయుర్వేద మందు అనిపించుకోవాలంటే చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్న గ్రంథాలతో సంబంధం ఉండాలి. మరి చైనా వైద్యం గోలీ సంగతేంటి? కీళ్లనొప్పులకని అమ్మే ఆఫ్రికా వేరు 'డెవిల్స్ క్లా' ఏ గ్రంథంలో ఉంది?

మిగిలింది ఫుడ్ దారి. 2006 ఆహార భద్రత చట్టం కింద 2016లో హెల్త్ సప్లిమెంట్లు, న్యూట్రాస్యూటికల్స్ (పోషణ కోసమని అమ్మే గోలీలు, పొడులు) నిబంధనలు వచ్చాయి, 2018 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చాయి. దిగుమతి కోడ్, కేంద్ర లైసెన్సు, పోర్టులో కాగితాల పరిశీలన, నమూనా పరీక్ష, అభ్యంతరం లేదనే పత్రం (ఎన్‌ఓసీ). డబ్బా మీద 'హెల్త్ సప్లిమెంట్' అని, 'వైద్యానికి వాడేది కాదు' అని ఉండాలి, దిగుమతి చేసినవాళ్ల పేరు, చిరునామా, 14 అంకెల లైసెన్సు నంబరు ఉండాలి. ఇది మంచి రూలే, కాదనను.

అసలు చిక్కు ఎక్కడుందంటే, ఒకే క్యాప్సూల్‌ను పోషణ కోసం అని అమ్మితే ఫుడ్, నొప్పి తగ్గిస్తుందని అమ్మితే డ్రగ్. లోపలున్న సరుకు అదే, అమ్మేవాడి నోటిని బట్టి చట్టం మారిపోతుంది. డబ్బా మీద ఒకటి రాసి ఊళ్లో ఇంకొకటి చెప్పేవాడికి ఇంతకంటే ఏం కావాలి? రెండు శాఖల నడుమ గట్టు మీద నిలబడి వాడు దర్జాగా అమ్ముకుంటాడు, గట్టు ఎవరిదని అడిగిన మేము మాత్రం చెప్పులు అరిగేలా తిరుగుతాం.

వేరే దేశాలు దీన్ని ఎట్లా చూశాయో కూడా తెలుసుకున్నాం. ఆస్ట్రేలియాలో వీటిని కాంప్లిమెంటరీ మెడిసిన్స్ అంటారు. 1989 చట్టం కింద, దిగుమతి చేసి అమ్మేవాడు స్పాన్సర్‌గా సంతకం పెట్టి ప్రభుత్వ రిజిస్టర్లో ఎక్కించాలి, డబ్బా మీద ఆ నంబరు వేయాలి. 'ఆస్ట్ ఎల్' అని ఉంటే ప్రభుత్వం ఆ మందు పనిచేస్తుందో లేదో ముందే పరీక్షించిందని కాదు, ఆధారాలు తన దగ్గర ఉన్నాయని స్పాన్సర్ హామీ ఇచ్చాడని. 'ఆస్ట్ ఆర్' అయితే ప్రభుత్వమే పరిశీలించింది. కెనడాలో 2004 జనవరి 1 నుంచి వీటికి ఎనిమిది అంకెల నంబరు ఉంటుంది. ఇవి లోపం లేని పద్ధతులని చెప్పడం లేదు. కానీ అక్కడ ఏదైనా జరిగితే పట్టుకోవడానికి ఒక నంబరు, ఒక మనిషి, ఒక చిరునామా ఉంటాయి. మన దగ్గర మూడు నాలుగు శాఖలున్నాయి, పట్టుకోవడానికి మాత్రం ఎవరూ లేరు.

ఇక ఊళ్ల సంగతికి వస్తాను. ఈ మాట పట్నంలో కూర్చున్నవాళ్లకు చెప్పాలనే ఇదంతా రాస్తున్నా.

మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు ఒంగినవాళ్లు, మోకాళ్లు వంకర పోయినవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు చెప్పనక్కర్లేదు. నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతికే 'నల్లగొండ టెక్నిక్' అని పేరుంది, అంత పేరు మనకు! 2015లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ కట్టారు, తర్వాత నల్లాల్లో కృష్ణ నీళ్లు వచ్చాయి. నీళ్లు మారినా అప్పటికే ఒంగిన ఎముకలు మారవు కదా, వాటిని సరిచేసే గోలీ ఇంతవరకు రాలేదు. నొప్పులు రాత్రిపూట నిద్రపోనివ్వవు. విదేశీ డబ్బాలు పట్టుకుని తిరిగేవాళ్లు ముందు వెతుక్కుంటూ వచ్చేది ఈ ఊళ్లకే. పాలమూరు వైపు అయితే ముంబై, పుణెల్లో మట్టిపనీ రాళ్లపనీ చేసి నడుములు పడిపోయి తిరిగొచ్చినవాళ్లు. ఫంక్షన్ హాల్లో మీటింగు పెడతారు, తెర మీద వీడియో వేస్తారు, ఒకామె లేచి నేను కర్ర లేకుండా నడుస్తున్నా అంటుంది, చప్పట్లు. అమ్మేది ఎవరో పరాయివాళ్లు కాదు, మేనమామ కొడుకో, పక్కింటి అక్కో అయి ఉంటారు. ఇంకో ముగ్గుర్ని చేర్పిస్తే కమీషన్ వస్తుందని వాళ్లకూ ఆశ పెట్టారు.

దీనివల్ల జనానికి ఏం అవుతుందో వరసగా రాస్తున్నాను.

1. డబ్బా మీద ఏముందో చదవలేరు. మన లేబుల్ రూల్ ప్రకారం వివరాలు ఇంగ్లీషులో గానీ దేవనాగరి హిందీలో గానీ ఉంటే చాలు, తెలుగు తప్పనిసరి కాదు. అమెరికా డబ్బాల మీద 'ఎఫ్‌డీఏ' (అక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ) అనే మూడక్షరాలు చూపించి, చూడండి అమెరికా ప్రభుత్వం ఒప్పుకున్న మందు అంటారు. ఆ అక్షరాలున్న వాక్యం మొత్తం చదివితే, ఈ మాటలను ఎఫ్‌డీఏ పరిశీలించలేదు, ఈ సరుకు ఏ రోగాన్నీ గుర్తించడానికి, నయం చేయడానికి, నివారించడానికి కాదు అని ఉంటుంది. 1994లో వాళ్లు చేసుకున్న సప్లిమెంట్ల చట్టం ఫలానా ఉపయోగం ఉందని రాసుకునే డబ్బాల మీద ఆ వాక్యం తప్పనిసరిగా ఉండాలంది. జనాన్ని హెచ్చరించడానికి పెట్టిన వాక్యాన్నే ఇక్కడ సర్టిఫికెట్ లాగా చూపించి అమ్ముతున్నారు. చదివి చెప్పే మనిషి ఇంట్లో ఉండడు, ఉన్నా డిగ్రీ చదివే పిల్లాడు, వాడినీ ఆ మీటింగులో అమ్మేవాడిగా చేర్చుకుని ఐడీ ఇచ్చేసి ఉంటారు.

2. లోపల రాయని మందులు ఉండొచ్చు. ఇది భయపెట్టడానికి చెప్పేది కాదు. 2022లో అమెరికా ఎఫ్‌డీఏ 'ఆర్ట్రి కింగ్' అనే కీళ్లనొప్పుల సప్లిమెంట్ మీద హెచ్చరిక ఇచ్చింది. పరీక్షిస్తే అందులో డైక్లోఫెనాక్, డెక్సామెథసోన్ దొరికాయి, లేబుల్ మీద వాటి మాటే లేదు. మొదటిది నొప్పి గోలీ, ఎక్కువ రోజులు వాడితే కడుపును, కిడ్నీలను దెబ్బతీస్తుంది. రెండోది స్టెరాయిడ్. స్టెరాయిడ్ వేసుకుంటే నొప్పి నిజంగానే తగ్గుతుంది, అందుకే మీటింగులో సాక్ష్యం చెప్పేవాళ్లు అబద్ధం చెప్తున్నారని కూడా అనుకోనక్కర్లేదు. కానీ షుగర్ పెరుగుతుంది, ముఖం ఉబ్బుతుంది, ఎముకలు గుల్లబారతాయి, కొన్ని నెలలు వాడి ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చు. ఫ్లోరోసిస్ ఉన్న మనిషికి ఇది ఎంత అన్యాయమో ఆలోచించండి. మా దగ్గరికొచ్చే ఒక పెద్దాయనకు ఇట్లాగే ముఖం ఉబ్బి, షుగర్ పెరిగి దవాఖానలో చేర్చారు. డాక్టర్ ఏం వాడావని అడిగితే డబ్బా తెచ్చి చూపించారు. దాని మీద ఇక్కడి లైసెన్సు నంబరు లేదు, దిగుమతి చేసినవాడి పేరు లేదు. అందులో స్టెరాయిడ్ ఉందని నేను అనడం లేదు. ఏముందో తేల్చే దారి లేకుండా పోయిందని అంటున్నాను.

3. మూలిక మారిపోతే కిడ్నీలు పోతాయి. 1990ల మొదట్లో బెల్జియంలోని బ్రస్సెల్స్‌లో బరువు తగ్గించే క్లినిక్‌లో చైనా మూలికలు కలిపిన గోలీలు వాడి వందమందికి పైగా ఆడవాళ్లు కిడ్నీ జబ్బు తెచ్చుకున్నారు. ఒక మూలికకు బదులు అరిస్టోలోకియా జాతి మొక్క వచ్చి చేరింది. మన ఈశ్వరి చెట్టు కూడా ఆ జాతిదే. నాచురల్ అంటే హాని లేదనుకునేవాళ్లకు నేను షాపులో చెప్పే మాట ఇదే.

4. ఉన్న గోలీలు ఆపేస్తారు. బీపీ, షుగర్ మందులు మానేసి ఇదొక్కటే వాడమని మీటింగులో చెప్పే మాట మేము చెవులారా విన్నాం. అన్నిటికంటే ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతోంది.

5. గడువు తేదీ. అమెరికా డబ్బా మీద నెల ముందు, రోజు తర్వాత వేస్తారు. 04/08 అంటే మనవాళ్లు ఆగస్టు 4 అనుకుంటారు, వాళ్ల లెక్కలో అది ఏప్రిల్ 8. అప్పటికే గడువు దాటిన సరుకు కూడా ఇట్లా చెల్లిపోతుంది.

6. పైసలు పోతాయి, తిరిగి రావు. వేలల్లో పెట్టి కొంటారు, బిల్లు ఉండదు. బిల్లు లేకపోతే వినియోగదారుల కమిషన్‌కు పోయినా ఏం చూపిస్తారు? ఎవరి మీద ఫిర్యాదు చేయాలన్నా అమ్మింది సొంత చుట్టం. చుట్టరికాలు చెడిపోయాయి కానీ కంపెనీకి వెంట్రుక కూడా కదల్లేదు.

7. మా సంగతి కూడా ఒక మాట. కాగితాలన్నీ సరిగ్గా పెట్టుకుని అమ్ముదామని అడిగినవాళ్లం ఆగిపోయాం, ఏదీ అడగనివాళ్లు అమ్ముకుంటున్నారు. మాకు తనిఖీలు వస్తాయి, రావాలి కూడా. ఫంక్షన్ హాల్‌కు ఎవరు పోతారు?

జడ్చర్ల పక్కన పోలేపల్లిలో తయారయ్యే గోలీ అమెరికా పోవాలంటే అక్కడి ఎఫ్‌డీఏ వాళ్లు ఇక్కడిదాకా వచ్చి గదులూ యంత్రాలూ రికార్డులూ చూసి పోతారు. మన మూలికా మందులు విదేశాలకు పంపాలంటే సీసం, పాదరసం లాంటి లోహాల పరీక్ష 2006 జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు. బయటివాళ్ల కడుపులోకి పోయేదానికి ఇంత జాగ్రత్త తీసుకునే మనం, బయటినుంచి మన కడుపులోకి వచ్చేదాన్ని కొరియర్ బాయ్ చేతిలో వదిలేశాం.

మేము అడిగేవి ఇవి.

ఒకటి. ఒక సరుకు పేరు, దాని లేబుల్, అందులోని పదార్థాల పట్టిక ఇచ్చి ఇది మందా, ఆహారమా, ఆయుర్వేదమా, దేనికిందా రాదా అని అడిగితే నెల రోజుల్లో రాతపూర్వకంగా జవాబు చెప్పే ఒక్క ఆఫీసు పెట్టండి. శాఖలు లోపల ఎట్లా మాట్లాడుకుంటాయో మీ ఇష్టం, తిరగాల్సింది మాత్రం ఫైలే, మనిషి కాదు. ఇచ్చిన జవాబులన్నీ తెలుగులో అందరికీ కనపడేట్టు పెట్టండి, అప్పుడు అదే ప్రశ్న గద్వాలలో ఇంకొకరు మళ్లీ అడగాల్సిన పని ఉండదు.

రెండు. ఎంపీ గార్లకు: ఆయుర్వేదం, సిద్ధ, యునానీ, వాటికి దగ్గరగా ఉండే ఇతర దేశాల మూలికా మందుల దిగుమతికి చట్టంలోనే దారి పెట్టమని పార్లమెంటులో అడగండి. ఇది రాష్ట్రం చేతిలో లేదని మాకు తెలుసు, అందుకే మిమ్మల్ని అడుగుతున్నాం.

మూడు. తెలుగు స్టిక్కర్. దిగుమతి చేసిన ఆహారానికి లైసెన్సు నంబరు, చిరునామా ఉన్న స్టిక్కర్‌ను కస్టమ్స్ గోదాములో అతికించుకోవడానికి ఇప్పటికే అనుమతి ఉంది. అదే స్టిక్కర్ మీద ఇంకో నాలుగు లైన్లు పట్టవా? దిగుమతిదారు పేరు, ఫోన్ నంబరు, గడువు నెల అంకెల్లో కాకుండా అక్షరాల్లో, 'ఇది రోగానికి మందు కాదు, మీ గోలీలు ఆపకండి' అని పెద్ద అక్షరాల్లో. తెలంగాణలో అమ్మే సరుకుకు ఇది తప్పనిసరి చేయాలి.

నాలుగు. పరీక్ష చేయించుకునే హక్కు జనానికి కాగితం మీద ఉంది. 1940 చట్టం 26వ సెక్షన్ ప్రకారం ఎవరైనా ఫీజు కట్టి మందును ప్రభుత్వ అనలిస్టుతో పరీక్ష చేయించుకోవచ్చు, ఆహారమైతే 2006 చట్టం 40వ సెక్షన్ ఉంది. కానీ అది మందో ఆహారమో తేలకుండా ఏ ల్యాబ్‌కు పోవాలి? నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో ఒక్కో కౌంటర్ పెట్టి డబ్బా తీసుకోండి, ఏ చట్టం కింద పంపాలో మీరే తేల్చుకోండి. ఫీజు ఎంతో బోర్డు మీద రాయండి. దవాఖానలో చేరిన మనిషి డబ్బా అయితే ఫీజు తీసుకోవద్దు.

ఐదు. ఉన్న చట్టాన్ని వాడండి. 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం షెడ్యూల్లో 54 జబ్బులున్నాయి, అందులో షుగర్, పక్షవాతం, కీళ్లవాతం అన్నీ ఉన్నాయి. వాటిని నయం చేస్తామని ప్రకటించడం నేరం, మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు. అలాంటి ప్రకటన ఉన్న కాగితాలను దేశంలోకి దిగుమతి చేయడాన్ని కూడా 6వ సెక్షన్ నిషేధించింది. ఇక్కడి తయారీ మందుల మీద రాష్ట్ర అధికారులు ఈ చట్టం కింద దాడులు చేస్తున్నారు, పేపర్లలో చూస్తూనే ఉన్నాం, మంచి పని. అదే చట్టాన్ని మీటింగు హాళ్లకూ, ఫోన్లలో తిరిగే వీడియోలకూ, విదేశీ డబ్బాలకూ వాడండి. గొలుసు పద్ధతిలో అమ్మేవాళ్లకు 2021 డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలున్నాయి, గుర్తింపు కార్డు లేకుండా, ముందు అడగకుండా ఇంటికి రాకూడదని వాటిలో ఉంది. ఈ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు, గ్రామ పంచాయతీ గోడ మీద రాయించండి.

ఆరు. కస్టమ్స్ వాళ్లకు ఒక మనవి, ఒక అభ్యంతరం. 2019 డిసెంబరులో గిఫ్టు పేరుతో వచ్చే పార్సిళ్లను నిషేధిస్తూ రాఖీలకు, ప్రాణరక్షక మందులకు మినహాయింపు ఇచ్చారు. ఆ మినహాయింపు సందులోంచి అమ్మకం సరుకు రాకుండా చూడండి, ఒకే చిరునామాకు మళ్లీ మళ్లీ వచ్చే పార్సిళ్లను ఆపి అడగండి. అభ్యంతరం ఏమిటంటే, దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చే పిల్లాడు వాళ్లమ్మ కోసం తెచ్చే నాలుగు సీసాల మీద ఈ కోపమంతా చూపించొద్దు. సొంత వాడకానికి సామానులో తెచ్చుకునే మందుకు, ఒక్కో మందు 100 డోసులు దాటకూడదని నిబంధనల్లో హద్దు ఉంది. ఆ హద్దు ఏంటో శంషాబాద్‌లో దిగేచోట తెలుగులో బోర్డు పెడితే ఆ పిల్లాడికి టెన్షన్ ఉండదు.

ఏడు. చిన్న షాపులు పదో ఇరవయ్యో కలిసి, ఒక లైసెన్సు ఉన్న దిగుమతిదారు ద్వారా సరుకు తెప్పించుకుని, ప్రతి డబ్బాకు బిల్లు ఇచ్చి అమ్మే పద్ధతి ఎట్లా ఉండాలో ఒక పేజీలో రాసివ్వండి. మా మీద ఏ షరతు పెట్టినా సరే. హాని జరిగితే మొదట మమ్మల్నే పట్టుకునేట్టు రాసినా ఒప్పుకుంటాం.

ఈ లేఖ ప్రతులు స్పీడ్ పోస్టులో అన్ని శాఖలకూ పంపుతున్నాం. నెల రోజుల్లో జవాబు రాకపోతే, ఇవే ప్రశ్నలు సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి ఒక్కో శాఖను విడివిడిగా అడుగుతాం. 'మాది కాదు' అనే శాఖ ఎవరిదో గుర్తించి ఐదు రోజుల్లో ఆ శాఖకు బదిలీ చేయాలని ఆ చట్టం 6(3)లో ఉంది. అప్పుడైనా ఈ డబ్బా ఏ శాఖదో కాగితం మీదికి వస్తుంది.

ఇట్లు,
నల్లగొండ నుంచి ఒక హోమియో, ఆయుర్వేద షాపు యజమాని,
దేవరకొండ, మిర్యాలగూడ, జడ్చర్ల షాపులవాళ్ల తరఫున కూడా.